తక్కువ నింపిన సీసాలు

ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె అన్నయ్య చొక్కా జేబు తడిమింది. పై జేబులో ఏమీ లేదు. లోపలి జేబు తిరగేసి దులిపింది. నాలుగు నూలుపోగులు రాలాయి. రెండో చొక్కాలోనూ అంతే. మడతపెట్టిన మూడో చొక్కా విప్పి మళ్లీ తడుముతుంటే మంచం మీద అన్నయ్య నవ్వాడు.

“గట్టిగా వెతుకు చెల్లాయ్. ఏమైనా దొరికితే నాకూ కాస్త పెట్టు.”

“వేలు బొగ్గులా అయిపోయింది, ఇంకా నవ్వెలా వస్తోంది నీకు?”

ఆయన నవ్వు ఆపేసి ఎడమకాలు దుప్పటి కిందికి లాక్కున్నాడు.

మొన్న ఆసుపత్రిలో డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. మూడు నెలలుగా మందు పెంచుతున్నా చక్కెర దిగడం లేదు. పుండు మానడం లేదు. “పెద్దాయనా, దొంగచాటుగా ఏం తింటున్నావు?” అని అడిగాడు. ఏమీ తినడం లేదన్నాడు అన్నయ్య. “నువ్వు చెప్పకపోయినా ఈ కాగితం చెబుతోంది,” అన్నాడు డాక్టరు. బొటనవేలు తీసెయ్యాలట. ఆలస్యమైతే పాదమే పోతుందట. పెద్దాసుపత్రిలో చేర్చడానికి తమ్ముడు ఇవాళ సాయంత్రం కారు తెస్తానన్నాడు.

మొన్న ఆసుపత్రి నుంచి రాగానే ఆమె పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. దిండు గలేబు ఊడదీసింది. ఆయన కుట్టుపెట్టె నేలమీద బోర్లించింది. బొత్తాలు గదంతా దొర్లాయి. పక్కింటి వదిన గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, “అరవై దగ్గరపడ్డాయి, ఈ దొంగతిండేమిటి? సిగ్గనిపించడం లేదూ?” అనేసింది. వంగలేక, మంచం అంచున కూర్చునే, చేతికర్ర కొసతో ఒక్కో బొత్తాన్నీ దగ్గరికి లాక్కున్నాడాయన.

అమ్మానాన్నా పోయేనాటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు, ఆమెకి పదకొండు, తమ్ముడికి ఏడు. కుట్టుమిషను చప్పుడులోనే ముగ్గురూ పెరిగి పెద్దవాళ్లయ్యారు. ఆయన పెళ్లిమాట ఎప్పుడెత్తినా “ఈ కోటు అయిపోనీ” అనేవాడు. ఒక కోటు తర్వాత ఇంకో కోటు వచ్చింది. ఆమె పెళ్లిమాట రెండుసార్లు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగింది, తర్వాత దారి మరచిపోయింది. తమ్ముడు మాత్రం చదువుకుని, పెళ్లి చేసుకుని, వేరే కాపురం పెట్టాడు. మిగిలిన ఇద్దరూ ఈ రెండు గదుల్లో ఒకరికొకరు కాపలా అన్నట్టు ఉండిపోయారు.

ఆమె బట్టలు అలమరలో సర్ది, మాత్రలూ మంచినీళ్లూ ఆయన చేతికందేలా పెట్టి, చెప్పాపెట్టకుండా పనికి బయలుదేరింది. మామూలుగా అయితే గుమ్మం దాటుతూ “వస్తానన్నయ్యా” అనేది.

ఆమె పని కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో, దీపం ముందు. తెల్లటి వెలుతురు వచ్చే అద్దం, దాని ముందు కదిలే పట్టా, పట్టామీద నింపి మూతలు బిగించిన సీసాలు. ఒక్కో సీసా కళ్లముందు రెండు క్షణాలుంటుంది. ఆ రెండు క్షణాల్లో నలుసు, ఈగ రెక్క, గాజుపెంకు, ఏదున్నా కనిపెట్టి పక్కకి తియ్యాలి. ఉండాల్సినదానికన్నా తక్కువ నిండినవీ తియ్యాలి. కాగితం చీటీ అంటించేది ఆ తర్వాతే. చేరిన కొత్తలో పని నేర్పిన పెద్దావిడ ఒక్కటే మాట చెప్పింది. “గాజుని చూడకు తల్లీ, గాజు వెనక చూడు. గాజుమీద రాతలు చదివావంటే నలుసు దాటిపోతుంది.” పంతొమ్మిదేళ్లుగా ఆమె గాజు వెనకే చూస్తోంది. మెడ కొద్దిగా ముందుకి వంగిపోయింది, కళ్లకింద చర్మం నల్లబడింది. అందరూ ఆమెను డేగకన్ను అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఫ్యాక్టరీలో ఎవరూ మిగల్లేదు.

తక్కువ నిండిన సీసాలు అమ్మకానికి పనికిరావు. వాటిని ఒక పెట్టెలో వేస్తారు. సాయంత్రం దిగిపోయేటప్పుడు ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకెళ్లవచ్చు. ఆమె తాగదు. రోజంతా కళ్లముందు పారేదాన్ని మళ్లీ నోట్లో పోసుకోబుద్ధి కాదు. అన్నయ్యకి మాత్రం ప్రాణం. మధ్యాహ్నం ఒకటి, దీపాలవేళ ఒకటి, మిషను పక్కనే పెట్టుకుని పదిహేనేళ్లు తాగాడు. దాహమైతే కుండలో నీళ్లుండేవి. చేతులు కుడుతుంటే నోటికీ ఏదో పని కావాలనేవాడు. చక్కెరజబ్బు బయటపడ్డాక కాఫీలో పంచదార మానేశాడు, మిఠాయి మానేశాడు. ఆ సీసా ఒక్కటే మానలేకపోయాడు. ఆమె తేవడం ఆపేస్తే రెండు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు.

అప్పుడు ఆమెకొక దారి తోచింది. ఫ్యాక్టరీలో చక్కెర లేని రకం కూడా చేస్తారు. శుక్రవారమంతా అదే. ఆమె శుక్రవారం పెట్టెలోంచి వారానికి సరిపడా సీసాలు ఏరి తేవడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో నర్సమ్మకి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది కూడా. “చక్కెర లేనంత మాత్రాన అది మంచినీళ్లయిపోదమ్మా. నాలుకని తీపి మరచిపోనివ్వదు. మెల్లగా మాన్పించు,” అంది నర్సమ్మ. ఆమె తలూపింది. మాన్పించలేదు. ఆ సీసా మూత తీసినప్పుడు ఆయన పడే సంబరం చూడ్డం ఆమెకీ ఒక అలవాటైపోయింది.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం టీవేళ పాకం బాబాయ్ వచ్చి ఆమె పక్కన బల్లమీద కూలబడ్డాడు. పాకం గదిలో ఇరవై ఏళ్లుగా రుచి చూస్తున్న మనిషి. ముందు పళ్లు నాలుగూ లేవు. “జీతం వాళ్లిచ్చారు, పళ్లు నేనిచ్చాను, చెల్లుకి చెల్లు,” అంటాడు.

“మీ అన్నయ్యకెలా ఉందే?” అన్నాడు.

“వేలు తీసేస్తారట బాబాయ్. దొంగతిండి మానడు. ఎక్కడ దాస్తాడో, ఏం తింటాడో, ఇల్లంతా గాలించినా చిక్కడు.”

“అయ్యో. ఇంకా మన సీసాలే తాగుతున్నాడా?”

“చక్కెర లేనివేలే. శుక్రవారంవి.”

“శుక్రవారంవా? పొద్దుటివి తీసుకెళ్తున్నావా, సాయంత్రంవా?”

“దిగిపోయేటప్పుడు పైన ఏవుంటే అవి.”

పాకం బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. “పైనుండేవి చక్కెరవి కదే పిచ్చిదానా. టీవేళ దాటాక మామూలు పాకమేగా వదులుతున్నాం.”

“ఎప్పట్నుంచి?”

“మూడు నెలలు దాటింది. మా గది తలుపుకి కాగితం అంటించారు. మీ దీపం వాళ్లకెవరు చెబుతారు? రంగు ఒకటే, నలుసూ ఒకటే.” ఆయన పెట్టెలోంచి ఒక సీసా తీసి మెడ చూపించాడు. “ఇదిగో, సిరాతో రెండు గీతలుంటే చక్కెర లేనిది. ఒక్క గీతైతే మామూలుది. నీకు తెలియకపోవడమేమిటే, రోజుకి పదివేలు చూస్తావు!”

ఆమె ఆ నీలం గీతల్ని మొదటిసారి చూసినట్టు చూసింది. చిన్నపిల్ల కూడా పోల్చుకోగలిగినంత లావుగా ఉన్నాయి.

గంట కొట్టారు. ఆమె వెళ్లి దీపం ముందు కూర్చుంది. సీసాలు కదిలాయి. ఒక గీత. ఒక గీత. ఒక గీత. గాజు వెనకకి చూపు వెళ్లలేదు. రెండు నెలల కిందట అన్నయ్య పెదాలు తుడుచుకుంటూ, “ఈమధ్య తెస్తున్నవి బావుంటున్నాయి చెల్లాయ్, ఆ వెనకటి చేదు లేదు,” అన్నాడు. “అలవాటైంది కదా, అందుకే,” అంది తను. కాసేపటికి సూపర్‌వైజరు ఒక సీసా పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. లోపల మూత రబ్బరు ముక్క తేలుతోంది.

“ఏంటిది డేగకన్నూ? నీ చేతుల మీదుగానే వెళ్లింది.”

ఆమె తల దించుకుంది. ఒంట్లో బాలేదని చెప్పి సెలవడిగింది. పంతొమ్మిదేళ్లలో మధ్యలో దిగిపోవడం అదే మొదలు. దారంతా ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టే నడిచింది. అన్నయ్యతో చెప్పెయ్యాలి. గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పెయ్యాలి. మాటలు కూడా కూర్చుకుంది.

అన్నయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. “అప్పుడే వచ్చేశావేం?” అన్నాడు. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆమె నోటికి రాలేదు. మంచం కిందికి వంగి, మిగిలిన నాలుగు సీసాల్నీ లాగి, ఒక్కోదాని మెడా వెలుతురుకి పట్టి చూసింది. ఒక గీత. నాలుగింటికీ ఒక్కటే గీత. అక్కడే ఆయన కళ్లెదుట మూతలు తీసి, పెరటి గుమ్మంలో నిలబడి తూములోకి వంపేసింది. ఒలికిన చోట కాలు పెడితే అరికాలికి జిగురు తగిలింది.

తిరిగి చూస్తే అన్నయ్య మోచేతిమీద లేచి కూర్చున్నాడు. ఖాళీ సీసాలకేసి చూశాడు, ఆమె ముఖంకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“అన్నయ్యా…” అంది.

బయట కారు ఆగింది. తమ్ముడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. “సంచి సర్దావా అక్కా? మా ఆవిడ ఆసుపత్రిలో చీటీ పట్టుకుని కూర్చుంది. నువ్వు రేపు పొద్దున్న వద్దువుగాని, ఇవాళ అక్కడ ఒక్కరినే ఉండనిస్తారట.” అన్నయ్య కాలి కట్టు చూసి వాడి గొంతు పెరిగింది. “చిన్నపిల్లాడివా? నీ నోరు నువ్వు కట్టుకోలేవూ? అక్క రోజంతా అక్కడ కళ్లు పొడుచుకుని వచ్చి నీకు కట్లు కట్టాలా? అక్క ముఖం చూడు ఎలా అయిపోయిందో!”

“ఒరే, అది కాదురా,” అంది ఆమె. “తప్పు…”

“తప్పు నాదే,” అన్నాడు అన్నయ్య. “చాటుగా తిన్నాను. మానుకోలేకపోయాను. ఇంక వదిలెయ్యండి.”

తమ్ముడు నుదురు కొట్టుకున్నాడు. “ఇన్నాళ్లకి ఒప్పుకున్నాడు మహానుభావుడు!”

అన్నయ్య ఆమెకేసి చూడలేదు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాడు, కింద నుంచి పైకి, ఎప్పటిలాగే. ఆయన మెడ దగ్గరి బొత్తాం దాకా వచ్చేలోపు ఆమె చెప్పవచ్చు. మూడు ముక్కల మాట. నోరు తెరిచింది. తమ్ముడు జాలిగా తనకేసి చూస్తున్నాడు. ఆ జాలి ఇంకో క్షణంలో ఏమవుతుందో కళ్లకి కట్టింది. ఆమె నోరు మూసుకుని, సంచి అందుకుని, మాత్రల పెట్టె అందులో పెట్టింది. మెడ బొత్తాం పడింది.

తమ్ముడు సంచి తీసుకుని ముందు నడిచాడు. అన్నయ్య కర్ర ఆనించి లేచాడు. రోజూ గది దాటాలన్నా ఆమె భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆమె భుజం వంచి దగ్గరికి వెళ్లింది. ఆయన గోడ పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి కుడికాలు చెప్పులో దూర్చాడు, ఎడమకాలి కట్టుకేసి ఒకసారి చూసుకుని, ఆ కాలు అలాగే మెట్టు దించాడు. వెనక్కి తిరగలేదు. కారు తలుపు పడింది.

గడప పక్కన ఎడమకాలి చెప్పు ఉండిపోయింది. వాచిన పాదానికి చోటివ్వాలని దాని పట్టీ కోసి, నడుమ పాత కోటు గుడ్డ ముక్క వేసి ఆయనే కుట్టుకున్నాడు. కుట్లు చిన్నచిన్నగా, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి.