ఏడో చుట్టు

ఆరో చుట్టు అయ్యేసరికి దెబోరా గొంతు ఎండిపోయింది. చర్చి వెనక వరసగా ఉన్న రేకుల గదుల చుట్టూ, మిట్టమధ్యాహ్నపు ఎండలో, సంఘం మొత్తం పాట పాడుకుంటూ తిరుగుతోంది. హౌరాకు నది ఇవతలున్న మెటియాబ్రుజ్ రేవుల్లో బస్తాలు మోసే తెలుగువాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. పాట ఎత్తేది దెబోరాయే. ఆ సంఘంలో అంత గొంతు మరొకరికి లేదు.

దీన్ని యెరికో ప్రార్థన అంటారు. బైబిల్లో యెహోషువ నడిపించిన జనం కొత్త దేశంలో అడుగుపెట్టినప్పుడు యెరికో పట్టణం చుట్టూ ఆరు రోజులు రోజుకొకసారి, ఏడో రోజు ఏడుసార్లు తిరిగి కేకలు వేస్తే గోడలు కూలాయి. జబ్బు తగ్గాలన్నా, స్థలం దక్కాలన్నా మనవాళ్లు ఈ తిరుగుడే పట్టుకుంటారు. అయితే యెహోషువ వెనక మేడలు కట్టి అమ్మే ప్రమోటరు లేడు. ఇక్కడ ఉన్నాడు. గదుల యజమాని దగ్గర గుట్టుచప్పుడు కాకుండా స్థలం కొనేశాడు. అద్దెకున్నవాళ్లను మీరే లేపేస్తే, కట్టబోయే మేడలో కింది అంతస్తు చర్చికిస్తానన్నాడు. ఆ మాట మోసుకొచ్చినవాడు సంఘపెద్ద ఆదాము, దెబోరా భర్త జెఫ్రీకి అన్న. ఇవాళ ఏడో రోజు. ఏడో చుట్టు కాగానే దెబోరా ‘జయం’ అని కేక వేయాలి, జనం అందుకోవాలి, ఆ ఊపులో మగవాళ్లు రేకులు ఊడబెరకాలి. గునపాలు చర్చి వరండాలో సిద్ధంగా ఉన్నాయి. దేవుడి పేరు పెడితే గునపానికి కూడా పుణ్యం వస్తుంది కాబోలు.

చివరి గది అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే సకీనాది. మిగతా గదులవాళ్లు పగలు పనుల్లోకి పోతారు. భర్త పోయాక, డజను చొక్కాలకు పదిహేను రూపాయల చొప్పున గుండీలు కుట్టి బతుకుతోంది. ఈ జనం తన ఇంటి చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏదో పండగనుకుంది. రోజూ గుమ్మంలో బిందె పెట్టుకుని అందరికీ నీళ్లందిస్తోంది.

"తాగు దెబోరా బేటీ," అంది ఇవాళ కూడా, రేవు తెలుగువాళ్ల మధ్య ఉండి నేర్చుకున్న తెలుగులో. "మా ఇల్లుకి కూడా దువా చేస్తున్నారా?"

దెబోరా గ్లాసు అందుకుంది. తాగకుండానే తిరిగిచ్చింది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ఆగిపోనావేటమ్మా?" వెనక నుంచి ఆదాము అన్నాడు. "నడు. ఒక్క చుట్టే ఉంది."

నడిచింది. పాట కూడా ఎత్తింది. మనసు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది. కొన్నేళ్ల కిందట రేవులో క్రేను కింద పడి ఒక కూలీ చనిపోయాడు. పరిహారం ఇచ్చేదాకా పనిలోకి దిగేది లేదని కూర్చున్నవాళ్లలో ఈ అన్నదమ్ములే ముందున్నారు. కాంట్రాక్టరు మనుషులు కర్రలతో వెతుక్కుంటూ వస్తే, సకీనా ఇద్దరినీ గుడ్డల మూటల కింద దాచింది. లాంచీ ఎక్కి హౌరా వెళ్లారని, తొందరగా పోతే దొరుకుతారని చెప్పి వచ్చినవాళ్లను అటు తోలేసింది. ఇప్పుడు ఆదాము అదే కాంట్రాక్టరు దగ్గర కూలీలను పనిలోకి పంపే సర్దారు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

ఏడో చుట్టు సకీనా గుమ్మం ముందు ముగిసింది. పాస్టరుగారు చెయ్యెత్తారు. గునపాలు వచ్చాయి. ఒకటి జెఫ్రీ చేతికిచ్చారు. అందరూ దెబోరా వైపు చూశారు.



"కేకెయ్యి," అన్నాడు ఆదాము.

"నానెయ్యను బావగారూ."

"ఏటి?"

"యెరికోలో ఉన్న రాహాబు సంగతి మర్సిపోనారేటి? యెహోషువ అంపిన వేగులోళ్లిద్దర్నీ మిద్దె మీద జనుపకట్టెలో దాసింది. ఊరంతా కూల్సినా, యెహోషువ ఆ ఇంటోళ్ల మీద సెయ్యి ఎయ్యనేదు. ఇన్ని దినాలు వాక్యం సెప్పినారు, ఆ ముక్క ఒక్కటీ అయ్యగారు సెప్పనేదు."

పాస్టరుగారు బైబిలు చంకలో సర్దుకున్నారు.

"ఇది దేవుడు మనకిచ్చీసిన జాగా," ఆదాము గొంతు తగ్గించాడు. "రేపు గేటు పాసు మీద సంతకం పెట్టీది నానే. నీ మొగుడు ఇంట్లో కూకుంటాడు, సూసుకో."

"మూటల కింద దాక్కున్నోళ్లలో మీరొకరు బావగారూ. జాగా ఎవులిచ్చినారో నాకు తెల్దు. మీ పేణం నిలబెట్టింది ఈవిడే."

అని సకీనా వైపు తిరిగి, హిందీలో నిజం చెప్పేసింది. ఇది దువా కాదు ఖాలా, నీ ఇల్లు కూల్చడానికే తిరిగాం.

సకీనా చేతిలోని గ్లాసు బిందె మీద బోర్లించింది. "నువ్వు కూడానా?" అంది.

"నేను కూడా," అంది దెబోరా. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఆదాము తనే కేక వేశాడు. ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. మిగతావాళ్లు నేల చూశారు.

"ఏటి సూత్తున్నావు? రేకు పీకు," అన్నాడు తమ్ముడితో.

జెఫ్రీ గునపం పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను అన్న మాటకు ఎదురు చెప్పడం దెబోరా ఎన్నడూ చూడలేదు. అతని నీడ వచ్చి ఆమె ఒడిలో పడింది. దెబోరా భర్త చేతుల వైపే చూస్తూ కూర్చుంది. లేవలేదు.