ఇంద్రమ్మ పెరిగే రోజులు

మొగులప్ప రోజూ పొద్దున్నే నీళ్లు తోడి, జొన్నరొట్టెలు కాల్చి, కూతురు ఇంద్రమ్మకు జడ వేసి చేనుకు తీసుకుపోయేవాడు. నారాయణఖేడ్‌లో ఆ తండ్రీకూతుళ్లకు మూడేళ్లుగా అదే అలవాటు. ఆ రోజు మాత్రం దారిలో దర్జీ సంగయ్య దగ్గర ఆగాడు. పిల్లకు లంగా కుట్టించాలి.

సంగయ్య కొలత తీసి, "పాతదానికి నూలుపోగంత ఎక్కువ, గంతే," అన్నాడు. "తల్లి కాడ ఏడాదికి ఒక్క దినమే ఉంటదాయె. ఎంత పెరుగుతది?"

ఇంద్రమ్మ తల్లి దగ్గరున్న రోజునే పెరుగుతుందని ఊరందరికీ తెలుసు. కొందరు పిల్లలకు పాలు పడవు, ఈ పిల్లకు ఇది. ఎనిమిదేళ్లు నిండినా ఐదేళ్ల పిల్లలాగే ఉండేది. మొగులప్ప గుడ్డ అక్కడ పెట్టి వచ్చేశాడు.

ఏడాదికి ఒక్క రోజు అన్నది అతను అదాలత్‌లో తీర్పుగా గెలుచుకున్న ఫైసలా. భార్య నీలమ్మ జ్వరంతో ఉన్న బిడ్డను వదిలేసి పుట్టింటికి పోయిందని మున్సిఫ్ ముందు చెప్పాడు. నిజానికి కోపంలో ఆమెను బయటికి నెట్టి గడియ పెట్టింది అతనే. లోపల పిల్ల దగ్గు వింటూ ఆమె రెండు రోజులు వానలో గడప ముందు కూర్చుంది. మున్సిఫ్ మొగులప్ప మాటే నమ్మాడు. బిడ్డను అతనికిచ్చి, దావా ఖర్చులు నీలమ్మ మీద వేశాడు. ఆమె కాళ్ల కడియాలు అమ్మి ఆ ఖర్చులు కట్టి, కంగ్టిలో అన్న ఇంటికి చేరింది.

ఆ ఏడు కంది నడుము దాటి ఎదిగింది. ఈడు పిల్లలు కలుపు తీస్తుంటే వాళ్ల తలలు కందిమొక్కల మీదుగా కనిపిస్తున్నాయి. ఇంద్రమ్మ తల కనిపించలేదు. మొగులప్ప కంగారుగా పిలిచాడు.

"ఈడనే ఉన్న నాయినా," అంది పిల్ల. గొంతు దగ్గర్నుంచే వచ్చింది. మొక్కలు పక్కకు తోసుకుంటూ చేనంతా తిరిగితే గానీ దొరకలేదు. "నువ్వు చూస్తలేవు," అని నవ్వింది.

ఆ నవ్వు అతనికి మింగుడు పడలేదు. మర్నాడే అర్జీలు రాసే మాణిక్యప్ప దగ్గరికి పోయాడు.

"గెలిచింది నువ్వే గదనే. ఇగ ఎవని మీద దర్ఖాస్తు?"

"నా మీదనే. నేను అబద్ధం చెప్పిన. గట్లనే రాయి."

మాణిక్యప్ప కలం ఆపి అతని వంక చూశాడు. తర్వాత రాశాడు.

వాయిదా రోజు మున్సిఫ్ ఇంద్రమ్మను బల్ల పక్కన నిలబెట్టాడు. మూడేళ్ల కింద ఆమె గడ్డం ఆ బల్ల అంచుకు తగిలేది. ఇప్పుడు కాస్త పైన ఉంది, అంతే. ఆయన ఏమీ అడగకుండా మొగులప్ప వైపు తిరిగి, "చెప్పు," అన్నాడు.

మొగులప్ప గడియ సంగతి చెప్పాడు. వాన సంగతి చెప్పాడు. వెనకాల జనం గుసగుసలాడారు. గోడ పక్కన నిలబడ్డ నీలమ్మ అతని వంక ఒక్కసారి కూడా చూడలేదు.

మున్సిఫ్ పాత ఫైసలా రద్దు చేశాడు. పిల్ల తల్లి దగ్గర ఉండాలి, తండ్రి నెలకొకసారి చూడొచ్చు, రెండు దావాల ఖర్చూ తండ్రిదే అన్నాడు. మొగులప్ప తలూపాడు.

అప్పుడు నీలమ్మ నోరు విప్పింది. "బిడ్డను ఇడిసిపెట్టి పోయినదని నన్ను మా ఊరోళ్లు మూడేండ్లు అన్నరు సాబ్. ఈడ చెప్పింది ఆడ గూడ చెప్పాలె."

కంగ్టి అంగడి రోజున మొగులప్ప అక్కడి నలుగురినీ పిలిచి చెప్పాడు. ఒక ముసలామె అతని మొహాన ఉమ్మేసి వెళ్లిపోయింది. అతను మొహం తుడుచుకోలేదు.

ఇంద్రమ్మ రోజూ పెరగసాగింది. నెలనెలా అతను వెళ్లినప్పుడల్లా ముందటి నెల చూసిన పిల్లలా ఉండేది కాదు. నాలుగు నెలల్లో ఈడు పిల్లలను అందుకుంది. ఆ తర్వాత అందరిలాగే నెమ్మదిగా పెరిగింది. పదేళ్లు వచ్చాక ఒక రోజు అరుగు మీద కూర్చున్న తండ్రి ఎదుటికి వచ్చి నిలబడింది.

"అమ్మను ఎందుకు బయట పెట్టినవ్ నాయినా?"

అదాలత్‌లో చెప్పాడు, అంగడిలో చెప్పాడు. ఈ పిల్లకు చెప్పేముందు కండువా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నా పొగరు బిడ్డా. మీ అమ్మ నీ దగ్గు విని తలుపు కొట్టింది. నాకు ఇనబడ్డది. తియ్యలే."

ఇంద్రమ్మ పక్కకు తిరిగింది. లోపలికి పోయింది. ఇక రాదనుకుని అతను కండువా దులుపుకుని లేచాడు. అప్పుడు చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా అతని పక్కన పెట్టింది.