డెబ్బై రెండు ముక్కల చీమ

పొందూరులో మా ఇంట్లో చీమలకు కొదవ లేదు. ఫొటోకి కుదురుగా నిలబడే చీమే లేదు. పంచదార డబ్బా చుట్టూ తిరిగే నలకంత చీమ మొహాన్ని గోడంత చేసి చూపించాలని నాకు పిచ్చి.

"సీమకి పెళ్లి ఫొటోలేటే?" అని మా ఆయన శివాజీ నవ్వేవాడు. అతనిది పెళ్లిళ్ల స్టూడియో మరి. విజయనగరం ఫొటో పోటీకి ఆదివారంతో గడువు అయిపోతుంది. "కెమెరాని జరపడానికి మోటారు నేకుండా ఆ ఫొటో అవ్వదే సుహాసినీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఈ పోటీలో నెగ్గకపోతే మళ్లీ కెమెరా ముట్టుకోను, సూడు!" అనేశాను. నోరు జారాక ఇంకేం చేస్తాను?

అంత దగ్గర్నుంచి తీస్తే ఒక్కో ఫొటోలో చీమ వెంట్రుకవాసి మేరే స్పష్టంగా వస్తుంది. కెమెరాని ముందుకు జరిపే కింది మరను ఇసుమంత తిప్పాలి, ఫొటో నొక్కాలి, మళ్లీ తిప్పాలి. అలా డెబ్బై దాకా తీసి కంప్యూటర్లో అతకాలి. బెల్లం నీళ్ల చుక్క పెడితే చీమ తాగుతూ రెండు నిమిషాలు కదలదు. ఆ రెండు నిమిషాల్లోనే నా బొటనవేలు ఎక్కడో ఒకచోట ఎక్కువ తిప్పేసేది. అతికి చూస్తే కంటికీ మీసానికీ మధ్య మసక. శనివారం మధ్యాహ్నానికి పదకొండు చీమలు పాడయ్యాయి. ఏడుపొచ్చేసింది.

రాట్నం ముందు కూర్చున్న మా అత్త లక్ష్మణమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. అరవై ఏళ్లుగా సన్న నూలు వడికే మనిషి.

"ఏటే ఆ తిప్పుడు? అలా తిప్పితే పోగు తెగిపోదా?" అంటూ లేచి వచ్చింది. "జరుగు. మర నాను తిప్పుతాను, నువ్వు నొక్కు."

మరమీద వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది!

"సూడకుండానా అత్తా?"

"నూలు కళ్లతో వడుకుతారేటే?"

ఆవిడ తిప్పింది, నేను నొక్కాను. డెబ్బై రెండు ఫొటోలు. చీమ కడుపు నింపుకుని తన దారిన పోయింది.

శివాజీ వాటిని అతికి, మసక కోసం మూలమూలలా వెతికాడు. ఎక్కడా లేదు! కంట్లో గళ్లు, మీసం మీద నూగు, నోటి దగ్గర బెల్లం చుక్క, అన్నీ తేటగా ఉన్నాయి.

"ఓలమ్మో!" అత్త తెర మీదకు వంగిపోయింది. "దీని దవడ పళ్లు సూడే! మనం పత్తి ఏకే వాలుగ సేప దవడలాగే ఉన్నాది!"

"మీ ఇద్దరికీ ఓ దండం" అన్నాడు శివాజీ. నేను సిగ్గు లేకుండా గంతులేశాను. పోటీకి పంపుతూ ఎవరి పేరు రాయాలని అడిగాడు.

"ముందు మీ అమ్మ పేరు రాయి. ఆ తరవాత నాది" అన్నాను.

నెల తిరగకుండానే విజయనగరం హాల్లో మొదటి బహుమతికి మా ఇద్దరి పేర్లూ మైకులో పిలిచారు. అత్త నా చెయ్యి పట్టుకుని వేదిక మీదకు ఈడ్చుకెళ్లింది. తీరా బహుమతి ఇస్తుంటే తీసుకోదే! మైకు పట్టుకున్నాయన ముందుకెళ్లి నిలబడింది.

"బాబూ, అరవయ్యేళ్లు నూలు వడికినాను. ఆ బట్ట ఎంతమంది కట్టినారో. నా పేరు ఒక్కరూ సెప్పనేదు. ఇంకోపాలి సెప్పు."

ఆయన చెప్పాడు. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను.