పదకొండు నిమిషాల చీకటి

నోరీన్ తన సినిమా కొత్త కాపీ పట్టుకుని కాలేజీకి వచ్చేసరికి నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నలభై మూడు పేపర్లు, ప్రశ్న ఒక్కటే: ఈ చిత్రంలోని చీకటి భాగం వ్యాపార సినిమాను ఏ విధంగా తిరస్కరిస్తుంది? నలభై మూడు మందీ నా వ్యాసాన్నే నమిలి నా ముందు ఉమ్మారు. నా మాటలే తడిసి వెనక్కి వస్తుంటే వెగటేసేది. ఆ వెగటు పిల్లల మీద అనుకునేవాణ్ణి.

తొమ్మిదేళ్ళ కిందట నోరీన్ తీసిన మొదటి సినిమా అది. ఉత్తరాన ఎడారిలో వాళ్ళ ఆదివాసీల ఊళ్ళో ఒక వంటగది, టీ తాగే ఆడవాళ్ళు, తలుపు బయట ఎర్రమట్టి. సినిమా మధ్యలో పదకొండు నిమిషాలు తెర పూర్తిగా నల్లబడుతుంది. మాట కూడా ఉండదు, గాలి ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత మళ్ళీ వంటగది. అప్పట్లో నేను ప్రపంచ సినిమాను రెండు కోవలుగా విడదీసి పెట్టుకున్నాను. చూసేవాడికి తినిపించేది ఒకటి, పస్తు పెట్టేది ఒకటి. నా గౌరవం రెండోదానికే. జనం మొహాల కోసం సినిమాకు వస్తారనీ, ఈ చిత్రం ఆ ఆకలి మొహాన తలుపు వేసిందనీ రాశాను. అడిలైడ్‌లో సినిమా గురించి మాట్లాడే వాళ్ళంతా దాన్ని మెచ్చుకున్నారు. వ్యాసం పాఠమైంది. మొదటి ప్రదర్శన రోజున ఎవరో ఆ చీకటి ఎందుకని అడిగితే నోరీన్ తల వంచుకుని ఊరుకుంది. వివరించడానికి ఒప్పుకోని కళాకారిణి మౌనం అని దాన్ని కూడా రాశాను.

ఇప్పుడు ఆమె నా బల్ల అంచున కూర్చుని మామూలుగా చెప్పింది. ఆ పదకొండు నిమిషాల్లో ఉన్నది వాళ్ళ పెద్దమ్మ. సినిమా విడుదలకు ఇరవై రోజుల ముందు పోయింది. వాళ్ళ ఆచారం ప్రకారం పోయినవాళ్ళ మొహం చూపకూడదు, గొంతు వినిపించకూడదు, పేరు పలకకూడదు, ఇంటివాళ్ళు సరేననేదాకా. అందుకని కప్పింది. మొన్న పెద్దవాళ్ళంతా కూర్చుని ఇక చాలన్నారు. కప్పింది తీసేసింది. శనివారం నేను నడిపే చిత్రోత్సవంలో పాత కాపీకి బదులు ఇది వెయ్యాలి.

కుదరదన్నాను. కరపత్రం అచ్చయిందనీ, అందులో నా వ్యాసం ఉందనీ చెప్పాను. ఆ సినిమా ఇప్పుడు ఆమె ఒక్కదానిది కాదనీ, చరిత్రదనీ అన్నాను. కావాలంటే కొత్త కాపీని మంగళవారం మధ్యాహ్నం చిన్న హాల్లో వేద్దామన్నాను. ఆమె చివరిదాకా విన్నది.

"అమ్మ శనివారం బస్సుకి వస్తోంది మాస్టారూ. పన్నెండు గంటల ప్రయాణం. వాళ్ళక్క మొహం పెద్ద తెర మీద చూద్దామని. నల్లతెరే కావాలంటే మీరు ఇంట్లో టీవీ కట్టేసి దాని ముందు కూర్చోండి."

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"మీకు నిజంగా తెలీదా?"

తెలీదన్నాను.

తలుపు మూసుకున్నాక పేపర్లు పక్కన పెట్టాను. ఆస్ట్రేలియాలో ఆ ఆచారం తెలియనిదెవరికి? పోయిన ఆదివాసీల బొమ్మలు, గొంతులు ఉండొచ్చని టీవీలో వార్తల ముందు కూడా హెచ్చరిక వేస్తారు. పైగా ఆ సినిమా ఆఖరి పేర్లలో ఒక వాక్యం ఉంది: కుటుంబం కోరిక మేరకు కొంత భాగం కప్పబడింది. మొదటి ఏడాది క్లాసులో వేసినప్పుడు గంట కొట్టారని, ఆ పేర్లు రాకముందే సినిమా ఆపేశాను. రెండో ఏడాది గంట కొట్టలేదు. అయినా సినిమా అక్కడికి రాగానే నా బొటనవేలు రిమోట్ మీట నొక్కింది. తొమ్మిదేళ్ళూ నొక్కింది. తెలియకపోవడం కూడా ఒక పనే. రోజూ కొంత శ్రమపడి చెయ్యాలి.

టామ్సిన్ అనే అమ్మాయి ఒకసారి జవాబులో రాసింది, ఆ చీకట్లో ఎవరో ఉన్నట్టున్నారు, ఎవరైనా పోయారేమో అని. మామూలు ప్రేక్షకుల ఏడుపు అని పక్కన ఎర్రసిరాతో రాసి ఫెయిల్ చేశాను. ఆ అమ్మాయి కోర్సు మానేసింది. ఆమె దస్తూరీ నాకు ఇప్పటికీ గుర్తుంది. గుర్తుండటమే అసహ్యంగా ఉంది.

శుక్రవారం హాలువాళ్ళకి ఫోన్ చేసి కొత్త కాపీ వెయ్యమన్నాను. మంచితనం కాదు. వేదిక మీద నోరీన్ ఏం మాట్లాడుతుందోనన్న భయం.

శనివారం హాల్లో నోరీన్ వాళ్ళమ్మ ఐవీ నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఒళ్ళో వేడి బంగాళాదుంప చిప్స్ పొట్లం, దాని మీద వెనిగర్ వాసన. సినిమా హాల్లో తినేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ రోత. కుర్చీ అంచుకు జరిగాను.

చీకటి రావాల్సిన చోట వెలుతురు వచ్చింది. చేతుల నిండా పిండితో ఒక ముసలావిడ. నిప్పుల మీద రొట్టె కాలుస్తూ, చిన్నప్పుడు పశువుల ఫారంలో ఆరుబయట దుప్పటి కట్టి వేసిన కౌబాయ్ సినిమా కథ చెబుతోంది. విలన్ తనే, అతని టోపీ తనే, గుర్రమూ తనే. బల్ల మీద పిండి చేతులతో డెక్కల చప్పుడు చేస్తుంటే హాలంతా పగలబడి నవ్వింది. పస్తు పెట్టే సినిమా అని నేను తొమ్మిదేళ్ళు చెప్పిన దాని కడుపులో ఇది ఉంది. కథ మంచి పట్టులో ఉండగా రొట్టె మాడిన పొగ లేచింది. ఆవిడ తిట్టుకుంటూ పరిగెత్తింది. మళ్ళీ కథలోకి రాలేదు.

ఐవీ ఏడవలేదు. "ఎల్సీ," అంది, మెల్లిగా. మళ్ళీ అంది, "ఎల్సీ." తొమ్మిదేళ్ళ తర్వాత ఆ పేరు ఇంకా నోటికి సరిపోతుందో లేదో చూసుకుంటున్నట్టు.

అప్పుడు గమనించాను. నా తలలో ఒక వాక్యం తయారవుతోంది: కప్పిన మొహం తిరిగి వచ్చినప్పుడు, ఆర్ట్ సినిమాకూ జనం సినిమాకూ మధ్య గీత... కొత్త వ్యాసం. ఆ ముసలావిడ చేతుల మీది పిండి ఇంకా ఆరనైనా లేదు. నోట్లోకి పుల్లగా ఏదో వచ్చింది. ఈసారి దాన్ని వెనిగర్ మీదికి తోయలేకపోయాను.

సినిమా అయిపోయి ఆఖరి పేర్లు మొదలయ్యాయి. ఐవీ నా మోచెయ్యి తట్టింది.

"అబ్బాయ్, నువ్వు సినిమాలు చదువుకున్నోడివంట. అక్క రొట్టె మాడిందని లేచిపోయింది గానీ, ఆ గుర్రం చివరికి ఏమైంది?"

ఆ కౌబాయ్ సినిమా ఏదో నాకు తెలుసు. దాని మీద నలభై పేజీలు రాశాను. అందులో హింస గురించి, చట్టం గురించి, మట్టిని తెల్లవాడు చూసే చూపు గురించి ఉంది. గుర్రం కోసం వెతికాను. లేదు.

"గుర్తు లేదండీ."

"చూడలేదా అయితే?"

"చూశాను. పద్నాలుగు సార్లు."

ఆమె అటు పక్కన కూర్చున్న కూతురి వైపు వంగింది. "పద్నాలుగు సార్లు చూశాడంట, గుర్రం కనపడలేదంట పాపం." తర్వాత చిప్స్ పొట్లం నా వైపు జరిపింది. నేను తీసుకోలేదు. తెర మీద పేర్లు ఇంకా పోతూనే ఉన్నాయి. కోటు జేబులో నా బొటనవేలు లేని మీటను నొక్కుతూనే ఉంది.