మావాడు తిన్న చోట్లు

మావాడికి పెట్టిన అన్నం పిట్ట ముట్టలేదు. మూడో రోజు ముట్టలేదు, ఐదో రోజు ముట్టలేదు, పదకొండో రోజు కూడా ముట్టలేదు. మా దిక్కు మనిషి పోయాక ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు లెక్క. నేను మెత్తటి పెసరపప్పు, బీరకాయ కూర, నెయ్యన్నం, పెరుగన్నం చేశాను. పదకొండో రోజు సేమియా పాయసం కూడా చేశాను. కాకులు తుమ్మచెట్టు మీదనే ఉన్నాయి. ఒకటి దిగి వచ్చి చూసి మళ్లీ పోయింది. మధ్యాహ్నం దాకా చూసి, చివరికి విస్తరి తీసి ఆవుకు పెట్టారు.

"పిల్లగాని మనసుల ఏదో ఉండిపోయింది," అన్నాడు మా పాలివాళ్ల పెద్దాయన లక్ష్మీకాంతరావు. "ఏం ఇష్టమో తల్లికే ఎరుక లేకుంటె ఇంకెవలికి ఉంటది."

ఆయన కోపంగా అనలేదు. చెట్టు దిక్కు చూస్తూ అన్నాడు. నేను విన్నాను. ఏడుపు రాలేదు.

మావాడు రామేశ్వర్‌రావు. ఇంట్లో రామేశం అనేవాళ్లం. ఇరవై నాలుగేళ్లు. హైదరాబాదులో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాగా మూడేళ్లు చేశాడు. బయట తినకు, బయట నీళ్లు తాగకు అని ప్రతి కార్డులోనూ రాసేదాన్ని. మెస్సులోనే తింటున్నానని రాసేవాడు. పోయిన ఏడాది శ్రావణంలో కళ్లు పచ్చగా చేసుకొని ఇంటికి, చొప్పదండికి వచ్చాడు. పసిరికలన్నారు. పసరు పోయించాము, తగ్గలేదని కరీంనగర్ దవాఖానాలో వేశాము. పంతొమ్మిదో రోజు పోయాడు.

ఇప్పుడు ఏడాది మాసికానికి పన్నెండు రోజులుంది. మా ఆయన కిషన్‌రావు మళ్లీ అవే వండమన్నాడు. మళ్లీ అవే వండితే మళ్లీ ముట్టదు. అందుకని పోయిన నెలనే, హైదరాబాదులో వాడితో ఒకే రూములో ఉన్న మహమూద్‌కు కార్డు రాశాను. మహమూద్ కరీంనగర్ పిల్లగాడు, మావాడితో కలిసి చదివాడు. 'వాడు ఎక్కడెక్కడ ఏమేమి తినేవాడో నాకు చూపించు' అని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. 'రాండ్రి అవ్వా, నడిపించి చూపిస్త' అని ఒకటే వరస.

మా ఆయనకు పొలం పనులు. ఆడబిడ్డ జానకీబాయి వెంట వచ్చింది. జానకి మొగుడు పోయి ఆరేళ్లయింది, మా ఇంట్లోనే ఉంటుంది. గౌలిగూడలో బస్సు దిగగానే నేను ఆమె కొంగు పట్టుకున్నాను.

"కొంగిడువు వదినా. నేనేమన్న తప్పిపోయే పిల్లనా?"

"తప్పిపోతవని కాదు. లారీ కింద పడుతవని."

"పడితె నేనే పడుత. నీకో విస్తరి ఎక్కువైతది, గంతే."

మహమూద్ టికెట్ల కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పత్తర్‌గట్టిలో గడియారాలు బాగుచేసే దుకాణంలో పని. ఆ రోజు సెలవు పెట్టాడట. చిక్కిపోయాడు. నన్ను చూసి సలాం చేసి నా సంచీ తీసుకున్నాడు.

"ముందుగాల రూముకు పోదామా అవ్వా? జర కాళ్లు కడుక్కుందురు."

"రూము వద్దు బిడ్డా. వాడు తిన్న కాడికి తీస్కపో."

"అన్నీ నడిచే పోవాలె. దూరం ఉంటది."

"నడుస్త."

రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. అఫ్జల్‌గంజ్ మూల మీద ఒక ఇరానీ హోటలుకు తీసుకుపోయాడు. వాకిలి పక్కన ఒక రాతి బల్ల ఉంది. అక్కడ కూర్చోబెట్టి మూడు చాయ్‌లు, ఉస్మానియా బిస్కట్లు చెప్పాడు. నేను చాయ్ చూడలేదు. మూలన బకెట్ చూశాను. తాగిన గ్లాసులన్నీ ఆ ఒక్క బకెట్లో ముంచి తీసి మళ్లీ నీళ్లు పోసి బల్లల మీద పెడుతున్నారు.

"రోజూ పొద్దున ఈడనే," అన్నాడు మహమూద్.

"చాయ్ ఇష్టమా వానికి?"

"తాగేటోడు."

"తాగుడు వేరు బిడ్డా. ఇష్టమా అని అడుగుతున్న."

మహమూద్ సాసర్లోకి చాయ్ ఒంపి మళ్లీ కప్పులోకి పోశాడు. "చాయ్ కాదవ్వా. గీ బల్ల ఇష్టం. ఈడ కూసుంటె రోడ్డంత కనవడ్తది. వేరేటోళ్లు కూసుంటె, వాళ్లు లేసేదాంక నిలవడేటోడు."

బల్లను విస్తరిలో పెట్టలేము కదా. జానకి నా వంతు బిస్కట్లు కూడా తిని లేచింది.

హోటలు దాటిన తర్వాత ఎడమ చేతి పక్కన ఒక గల్లీ వచ్చింది. గోనె బస్తాలు మోసుకుంటూ హమాలీలు లోపలికి పోతున్నారు. అక్కడ మహమూద్ మమ్మల్ని రోడ్డుకు అవతలి పక్కకు దాటించాడు. నాలుగడుగులు పోయాక మళ్లీ ఇవతలికి దాటించాడు. బస్సులు మీదికి వస్తుంటే రెండుసార్లు ఎందుకు దాటించాడో నాకు అర్థం కాలేదు.

నయాపూల్ ముందు ఒక బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. మహమూద్ అక్కడ ఆగాడు.

"గిది సాయంత్రం పూట. ఆరు తినేటోడు."

"మిరపకాయలా?"

"అవునవ్వా."

"మా రామేశం కారం తినడు."

మహమూద్ జానకికి బజ్జీలు కొనిచ్చాడు. నాలుగేళ్లప్పుడు మావాడికి వాంతులు, విరేచనాలు పట్టుకొని మనిషి మాకు దక్కలేదనుకున్నాము. నెల రోజులు కారం తగలనీయొద్దు అన్నాడు డాక్టరు. నెల దాటాక పెడదామంటే నాకు చెయ్యి రాలేదు. అట్లనే అలవాటైంది. వాడి కూర వేరే గిన్నెలో తీసేదాన్ని. ఒక్కనాడు కూడా కారం అడగలేదు. మహమూద్ ఇంకెవరినో చూసి మావాడనుకుంటున్నాడేమో అనిపించింది.

జానకి ఒక బజ్జీ కొరికింది. కళ్ల నుంచి నీళ్లు కారాయి.

"ఓ నా తల్లీ. గీ కారానికి సచ్చినోడు గూడ లేసి కూసుంటడు," అని, అన్నాక నా మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తిను," అన్నాను. "సల్లారితె బాగుండది."

వంతెన దాటాము. మదీనా దగ్గర ఒక గల్లీలో లుఖ్మీలు చూపించాడు. లోపల కైమా ఉంటుందట, శుక్రవారం శుక్రవారం తినేవాళ్లట. "ఇష్టమా?" అన్నాను. "నాకిష్టం. నాతోని వచ్చేటోడు," అన్నాడు. చార్మినార్ పక్కన ఫలూదా. అది వాడికి పడదట, సగం తిని మహమూద్‌కు ఇచ్చేవాడట. గుల్జార్ హౌజ్ దగ్గర జామకాయను నాలుగు చీల్చి లోపల ఉప్పూ కారం అద్ది ఇస్తున్నారు. కారం ఎక్కువ వెయ్యమని బండివాడితో కొట్లాడేవాడట.

"కొట్లాడేటోడా? మావాడా?" అన్నాను.

"మస్తు కొట్లాడేటోడు. 'నాయినా, గిది ఉప్పు జామకాయనా, కారం జామకాయనా' అని."

మహమూద్ కొంచెం నవ్వాడు. ఇంట్లో మావాడు గట్టిగా మాట్లాడింది నాకు జ్ఞాపకం లేదు. ఎండ ఎక్కింది. జనం మోచేతులు తగులుతున్నాయి. గాజుల దుకాణాల అద్దాల్లో నేను కనబడుతున్నాను. పొద్దున్నుంచి ఐదు చోట్లు కాళ్లు నొప్పి పుట్టేట్టు తిరిగినా, ఇదీ అని ఒక్కటి దొరకలేదు.

తిరిగి అఫ్జల్‌గంజ్‌కు వచ్చాము. ఆ గల్లీ మళ్లీ వచ్చింది. మహమూద్ మళ్లీ నా చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించబోయాడు.

నేను నిలబడ్డాను. "గా గల్లీల ఏమున్నది?"

"ఏం లేదవ్వా. గోదాములు."

"పొద్దున గూడ దాటిచ్చినవు."

"బస్సుకు టైమైతది."

"నేను ఏడాది సంది ఒక్క ముచ్చట కోసం తిరుగుతున్న మహమూద్. నాకు బస్సు ఫికర్ లేదు."

వాడు సంచీని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. జానకి గోడ నీడకు పోయి నిలబడింది.

"గాడ ఒక ముసలామె ఉంటది," అన్నాడు. "ఆఖరి వారం రోజులు వాడు గాడ్నే తిన్నడు. జరం మొదలైనంక గూడ వద్దంటె ఇనలే. మీరు ఆమెను ఏమన్న అంటరని... ఆమె పెద్దది."

"నేను ఆమెను అన రాలే."

"నన్ను?"

"నిన్నేంది?"

"ఫస్టు నేనే తీస్కపోయిన అవ్వా. నేనే తినవెట్టిన."

ఏదో అనాలని నాకు తెలుసు. వాడి అంగీకి పైన బొత్తాం ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉంది. అది చూస్తూ నిలబడ్డాను.

"నువ్వూ తింటివి గద," అన్నాను. "నీకేం కాలే గద."

లెక్క ప్రకారం చెప్పిన మాటే. వాడు మాత్రం అంగీ చేతి మడతతో మొహం తుడుచుకొని ముందు నడిచాడు.

గల్లీ చివర ఒక గోదాం మెట్ల మీద ముసలామె కూర్చొని ఉంది. ముందు రెండు బొగ్గుల పొయ్యిలు. నాలుగు ఇత్తడి సర్వలు. ఒకటి పొయ్యి మీద, ఒకటి నీళ్ల తొట్టిలో చల్లారుతూ, ఇంకొక దాంట్లో పిండి లోపలి గోడలకు పలచగా అద్దుతోంది. సర్వప్ప. మా దిక్కు ఇంటింటా చేసేదే. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు ఉంటాయి కనుక అరగదని మావాడికి నేను చేయలేదు. హమాలీలు నలుగురు నిలబడి తింటున్నారు. నీళ్ల తొట్టి చూశాను. మూత లేదు.

"శంకరవ్వా," అన్నాడు మహమూద్. "వీళ్లు కరీంనగర్ దిక్కునుంచి వచ్చిండ్రు."

"మాది మందమర్రి," అంది ఆమె తలెత్తకుండా. "మా ఆయన బొగ్గుబాయి పని చేసెటోడు. ఆయన పోయినంక కొడుకెంబడి వచ్చిన, వాడు ఈడ్నే హమాలి." అప్పుడు మహమూద్‌ను చూసింది. "ఏమయ్యా, గింత నల్లవూస అయినవు. నీ దోస్తు ఏడి? మాటల మల్లన్న."

మహమూద్ నా దిక్కు చూశాడు.

"ఏం మాట్లాడేటోడు?" అన్నాను నేను.

"ఏమో, మస్తు చెప్తుండె. మాడిన అంచు నాకే పెట్టు అని ముందుగాల్నే చెప్పిపెట్టేటోడు. కారం నా చేతుల నుంచి గుంజుకొని తనే ఏసుకునేటోడు. 'ఇంట్ల మా అవ్వ వండితె జరమొచ్చినోని బువ్వ లెక్క ఉంటది శంకరవ్వా' అనేటోడు. మరి మీ అవ్వకు చెప్పరాదుర అంటె, 'చెప్తె భయపడుతది, ఆమె భయం చూసుడు కంటె గదే తినుడు నయం' అని నవ్వేటోడు."

హమాలీ ఒకడు ఇంకొకటి అడిగాడు. ఆమె విరిచి కాగితంలో పెట్టి ఇచ్చింది. జానకి నా వెనక నిలబడి ఉంది. ఇంట్లో రోజూ రెండు గిన్నెలు ఎదురుగా పెట్టేదాన్ని. పదిహేడేళ్లు. మా కారం గిన్నె దిక్కు వాడు చూసేవాడా లేదా అని జ్ఞాపకం చేసుకోబోయాను. వాడి తలే కనబడింది, కంచం మీదికి వంగి.

"ఏడున్నడు మరి?" అంది శంకరవ్వ. "నౌకరి మారిండా?"

"సచ్చిపోయిండు," అన్నాను. "నేను వాళ్ల అవ్వను."

బస్సు పోయింది అని చెప్పినట్టు చెప్పాను. ఆమె చేతిలో పిండి ముద్ద అట్లనే ఉండిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"పసిరికలు."

ఆమె పొయ్యి దిక్కు చూసింది. పిండి గిన్నె దిక్కు చూసింది. తర్వాత నీళ్ల తొట్టి దిక్కు చూసి అక్కడే ఆగింది. చెంగు తీసి దాని మీద కప్పబోయి, తడిచిన చెంగు చేతిలో పట్టుకొని కూర్చుంది. ఆ చూపు నాకు తెలుసు. ఇరవై ఏళ్లు అద్దంలో చూశాను.

"నా కాడ తిన్నందుకేనా?" అంది చాలా మెల్లగా.

అవునో కాదో నాకు తెలియదు. డాక్టరు నీళ్లన్నాడు. ఏ నీళ్లో ఎవరూ చెప్పలేదు. మా బావి నీళ్లు కూడా కావచ్చు. పొద్దున్నుంచి నేను చూసిన బకెట్లన్నీ వరసగా కళ్ల ముందుకు వచ్చాయి.

"కాదు," అన్నాను. "డాక్టరు చెప్పిండు. నీ కాడిది కాదు."

మహమూద్ నా మొహం చూశాడు. కొంచెంసేపటికి ఆమె చేతులు మళ్లీ కదిలాయి. పొయ్యి మీది సర్వను బట్టతో పట్టుకొని దించింది.

నేను మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను. "నాకు నేర్పు," అన్నాను. "వానికి ఎట్ల చేసేదానివో గట్ల. పన్నెండు రోజులల్ల వాని ఏడాది మాసికం."

"గీ సర్వప్ప చేసుడు నీకు రాదా బిడ్డా? మన దిక్కుదే గద."

"వస్తది. వానికి చెయ్యలే."

ఆమె ఖాళీ గిన్నె నా ముందు పెట్టింది. పిండి పోసింది. నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లాకు వేసింది. ఉప్పు నేను వేశాను. కారం డబ్బా మూత తీసి నా దిక్కు జరిపింది. మూడు వేళ్లతో చిటికెడు తీసి పిండి మీద చల్లాను.

"ఇంకా," అంది.

ఇంకో చిటికెడు వేశాను.

"ఇంకా ఎయ్యి."

జానకి తుమ్మింది. మహమూద్ సంచీ కింద పెట్టి మెట్టు అంచున కూర్చున్నాడు. నేను డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పిట నిండా తీశాను. గుప్పిట తెరవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత పిండిలో పోసి రెండు చేతులతో కలపడం మొదలుపెట్టాను.