చింపని కొలతల చీటీ

దర్జీ చెప్పే కబుర్లు ఏ టేపుకూ అందవని వీధిలో అందరికీ తెలుసు. ఒకప్పుడు ఏనుగుకు చొక్కా కుట్టానంటాడు. కాలరు బిగుతైందని ఆ ఏనుగు మర్నాడే మళ్ళీ కొట్టుకు వచ్చిందంటాడు. నమ్మనివాళ్ళకు ఆ చొక్కా గుండీ కూడా చూపిస్తాడు. అది పాడైపోయిన గోడగడియారం మూత. ఇన్ని చెప్పే నోట ఒక్క మాట మాత్రం ఎన్నడూ రాలేదు: "తప్పు నాది."

తప్పులన్నీ భార్య పుట్టింటి సరుకే. కూతురి ముక్కు కాస్త వంకరగా ఉంటే, "మీవాళ్ళ ముక్కే!" కొట్లో కరెంటు పోతే, "మీవాళ్ళెవరో తలుచుకున్నారే!" పక్కన చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు కుడుతూ భార్య తలెత్తకుండానే, "అవును, ఎండలు కూడా మావాళ్ళే పంపారు," అనేది. ముప్పై ఏళ్ళు ఆ ఆట అలాగే సాగింది.

కూతురి కూతురి దగ్గర ఆగింది. నాలుగేళ్ళ ఆ పిల్లను అందరూ గుండీ అనే పిలుస్తారు. కూర్చోబెడితే ఒరిగిపోతుంది, చెయ్యి చాపితే వణుకుతుంది. ఇది పుట్టుకతోనే, పెద్దల నుంచి వచ్చిందని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచీ అమ్మమ్మ గుండీని ఒళ్ళోకి తీసుకోవడం మానేసింది. పిల్ల చేతులు చాపితే, పడిపోని సూదిని కింద వెతికేది.

"ఎందుకే అలా చేస్తావు?" అన్నాడు దర్జీ.

"నా వైపు నుంచే కదండీ వచ్చింది. నా చెయ్యి తగలకుండా ఉంటేనే మంచిది."

"ఎవరే చెప్పింది?"

"మీరే. ముప్పై ఏళ్ళ నుంచి."

సూది విరిగి, మొన వేలిలోనే ఉండిపోయినట్టయింది దర్జీకి.

ఆ వారమే డాక్టరమ్మ పరీక్షకు దర్జీ రక్తం, భార్య రక్తం అడిగింది. "దేనికో నాకు అర్థమయ్యేట్టు చెప్పండి డాక్టరమ్మా," అన్నాడు దర్జీ. ఆవిడ అతని మెడలోని టేపు చూసి నవ్వింది.

"మీ కొట్లో కొలతలు ఎక్కడ రాస్తారు?"

"పెద్ద పుస్తకంలో. అది బీరువా దాటి రాదు. అందులోంచి చీటీ మీదికి ఎక్కించుకుని, మేకుకు గుచ్చుకుని, గుడ్డ కత్తిరిస్తాం. కుట్టింది ఇచ్చేశాక చీటీ చింపేస్తాం."

"చింపకపోతే?"

దర్జీ మెడలో టేపు సర్దుకున్నాడు. "కుట్టిందే మళ్ళీ కుడతాం."

ఒకసారి అలాగే జరిగింది. పొడుగుకాళ్ళ పోస్టుమాన్ ఒక్క ప్యాంటు అడిగితే మూడు తయారయ్యాయి. చీటీ చింపడం భార్య మరిచిపోయిందని వీధంతా చెప్పాడు దర్జీ. మరిచింది తానే. ఆ చీటీ ఇప్పటికీ సుద్దడబ్బా అడుగున ఉంది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ ఇదే పని," అంది డాక్టరమ్మ. "జన్యువులు ఆ పుస్తకం. చీటీలను ఆర్ఎన్ఏ అంటాం. వాటి అంచులు సరిచేయడానికీ, పనైపోయినవీ తప్పుగా రాసినవీ చింపేయడానికీ ఒక జట్టుంటుంది. ఆ జట్టులో ఒక పనివాణ్ణి తయారుచేసే జన్యువు పాపలో కాస్త మారింది. తల్లి నుంచి వచ్చిన నకలూ, తండ్రి నుంచి వచ్చిన నకలూ, రెండూ మారాయి. దాంతో ఆ పని సరిగ్గా సాగక, ఒంటిని నిలకడగా పట్టే మెదడు భాగం దెబ్బతింది. ఒక్క నకలే మారితే మనిషికి ఏమీ కాదు. మీ అమ్మాయికి మీలో ఎవరి నుంచి వచ్చిందో తెలిస్తే, ఆ వైపువాళ్ళు పిల్లల్ని కనేముందు పరీక్ష చేయించుకుంటారు."

ఆ జన్యువు పేరు కాగితం మీద చూపించింది. ఇంగ్లీషు అక్షరాలకు ఒక అంకె కలిసి లారీ నంబరులా ఉంది.

"మందు లేదా అమ్మా?"

"ఇంకా రాలేదు. పాపతో రోజూ కాగితాలు చింపించండి. వేళ్ళు కాస్త కుదురుతాయి."

ఫలితం వచ్చే రోజు మధ్యాహ్నం ఆసుపత్రి బెంచీ మీద అందరూ కూర్చున్నారు. గుండీ తల్లి భుజం మీద నిద్రపోతోంది. భార్య వెంట తెచ్చుకున్న చొక్కాకు కాజా కుడుతోంది. దర్జీ ఆ కాజా వంకే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఉంటే అది వెడల్పై తలుపంత అయింది. తల వంచుకుని లోపలికి నడిచాడు.

లోపల పెద్ద కొట్టు. పైకప్పు కనపడదు. పై నుంచి చీటీలు రాలుతున్నాయి, చప్పుడు లేకుండా, దూదిలా. నడుమ పీపాలాంటి గుండ్రటి యంత్రం చుట్టూ పనివాళ్ళు భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. సూదిలోకి దారం వెళ్ళినట్టు చీటీలు ఒక కొసనుంచి వెళ్తున్నాయి, లోపల పొడిపొడి అవుతున్నాయి. ఒక ముసలివాడి ముందు మాత్రం చీటీలు మోకాలి దాకా పేరుకున్నాయి. వాడి వేళ్ళకు సుద్ద అంటుకుని ఉంది.

"చింపవేమయ్యా?" అని గద్దించాడు దర్జీ.

"చింపుతూనే ఉన్నా బాబూ. చేతకాక కాదు, మెల్లగా అవుతోంది. తిట్టకు."

"ఎవరి తాలూకు నువ్వు?"

ముసలివాడు నవ్వి ఒక చీటీ చాపాడు. మూడు ప్యాంట్ల చీటీ. "ఇది నాదాకా రానివ్వలేదేం?"

"నాన్నా, పిలుస్తున్నారు!" కూతురు భుజం తట్టింది.

భార్య లేవలేదు. "మీరు విని రండి," అంది.

గదిలో మాట రెండు నిమిషాల్లో తేలిపోయింది. భార్య రక్తంలో ఆ మార్పు లేదు. దర్జీలో ఉంది. "ఇందులో ఎవరి తప్పూ లేదు," అని రెండుసార్లు చెప్పింది డాక్టరమ్మ.

తలుపు దాకా వచ్చేసరికి దర్జీ నాలుక మీద ఇస్త్రీ చేసిన కథ ఒకటి సిద్ధంగా ఉంది: రక్తం పరీక్షించే యంత్రం పాడైందట, ఎవరిదో తేలలేదట. ఎవరైనా నమ్మేస్తారు.

"ఏమన్నారు?" అంది భార్య, సూది మీంచి చూపు తిప్పకుండా.

"నాదేనే," అన్నాడు. "నీది కాదు. నీ వైపు ఒక్క పోగు కూడా లేదు. ఆ పోస్టుమాన్ ప్యాంట్ల చీటీ కూడా... నేనే చింపలేదు."

"అది నాకు తెలుసులెండి. సుద్దడబ్బా తుడిచేది నేనేగా."

"ఇన్నేళ్ళూ తెలిసే ఊరుకున్నావా!"

"మీ నోటితో మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నా." సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. కూతురి వైపు చేతులు చాపింది. "ఇటివ్వవే. ఎంతసేపు మోస్తావు?"

మర్నాడు కొట్లో గుండీ అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని ఆ పాత చీటీ చింపింది. అమ్మమ్మ పిల్ల మణికట్టు పట్టుకుంది. వేళ్ళు రెండుసార్లు జారాయి. మూడోసారి కాగితం వంకరటింకరగా చిరిగింది. పిల్ల కిలకిలా నవ్వి ముక్కలు తాత మీదికి విసిరింది.

"ఇంకేమైనా దాచారా?" అంది భార్య.

దర్జీ తలమీది కాగితం ముక్కలు దులుపుకున్నాడు.

"ఆ ఏనుగు కాలరు కొలతలో కూడా తప్పు నాదేనే," అన్నాడు.