పడ్డవాడి చూపు

కళ్ళజోళ్ళ దుకాణాయనకు ఆదివారం వచ్చిందంటే రెండు పనులు. పొద్దున నడుం నొప్పి, సాయంత్రం పరుగు.

పడగ్గదిలో కిటికీకి అడ్డంగా ఉన్న ఇనప బీరువాను అవతలి గోడకు జరపాలని వాళ్ళావిడ ఎండాకాలం మొదట్లో తీర్మానించింది. ఇప్పుడు వానాకాలం. బీరువా ఉన్నచోటే ఉంది, కిటికీ దాని వెనకాలే ఉంది. ఆవిడ బీరువా వైపు చూడగానే ఈయన నడుం పట్టేస్తుంది. సాయంత్రం అదే నడుంతో ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళి, కరెంటాఫీసు జట్టుకీ నీళ్ళాఫీసు జట్టుకీ మధ్య విజిలు ఊదుకుంటూ ఆట అయ్యేదాకా పరుగెత్తుతాడు. అక్కడ ఆయనే రెఫరీ. ఇంట్లో మాత్రం, "కుర్చీలో కూచుని ఊదడమేనే, నడుముకేం శ్రమ లేదు" అని చెప్పుకున్నాడు.

అలాంటి ఆదివారానికే ఇప్పుడు గండం వచ్చింది. రెండేళ్ళుగా ఫైనల్ పూర్తికాలేదు. ఆడేవాళ్ళంతా నలభై దాటిన ఉద్యోగులు. ఒక జట్టు ఒక్క గోలు ముందుకు వెళ్ళిందంటే చాలు, ఇక ఆ జట్టు ఆడదు, పడుతుంది. ఒకడు మోకాలు పట్టుకుని, ఒకడు పిక్క పట్టుకుని, ఇంకొకడు ఏది పట్టుకోవాలో తేలక రెండూ పట్టుకుని. వాళ్ళు లేచేసరికి గేటు దగ్గర డ్రైవింగ్ స్కూలు కార్లు హారన్ కొట్టేవి. చీకటి పడేలోపు ఆ మైదానంలోనే వాళ్ళు ఎనిమిది అంకె తిప్పాలి.

"ఈసారి కూడా ఫైనల్ తేలకపోతే ఆదివారాలు పూర్తిగా డ్రైవింగ్ స్కూలుకే ఇచ్చేస్తా" అన్నాడు గ్రౌండు సెక్రటరీ. "వాళ్ళు నయం. గుంతలో పడ్డా కారుతో సహా లేచి పోతారు."

అంటే ఇక ఆదివారం సాయంత్రాలు కూడా ఇంట్లోనే, బీరువా ఎదురుగానే. రెఫరీకి వెన్నులో నిజంగానే చలి పుట్టింది.

పడేవాళ్ళందరిలోకీ గొప్పవాడు నీళ్ళాఫీసు హెడ్ క్లర్కు. గాలి లేకపోయినా రాలతాడని ఆయనకు పండుటాకు అని పేరు పెట్టారు. మనిషి మాత్రం ఆకులా ఉండడు, చెట్టులా ఉంటాడు. రెఫరీ పొద్దస్తమానం జనం కళ్ళల్లోకి చూసే వృత్తివాడు కాబట్టి, ఆయన పడినప్పుడల్లా కళ్ళే గమనించేవాడు. గమనించగా ఒక సంగతి తేలింది. నిజంగా దెబ్బ తగిలినవాడు దెబ్బ వైపు చూస్తాడు. నటించేవాడు రెఫరీ వైపు చూస్తాడు.

తెలిసింది సరే, రుజువు చెయ్యడం ఎలా? చూపుకైతే గోడమీద అక్షరాల పలక ఉంది. నొప్పికి పలక ఏది?

పసుపు కార్డు చూపించాడు. ఆ అవమానం తట్టుకోలేక ఇంకొకడు పడ్డాడు. చల్లటి స్ప్రే తెప్పించాడు. ఎండలో హాయిగా ఉందని వీపుకి కూడా కొట్టించుకున్నారు. పడ్డవాణ్ణి స్ట్రెచర్ మీద బయటికి మోయించాడు. మోసేవాళ్ళూ ఉద్యోగస్తులే. సగం దారిలో వాళ్ళకే భుజాలు పట్టేసి, ముగ్గురూ ఒకేసారి పడుకున్నారు.

మందు దొరికింది మాత్రం అనుకోకుండా. ఒక ఆదివారం పండుటాకు గోలుపోస్టు దగ్గర వెల్లకిలా పడి, "అయ్యో, నా పని అయిపోయింది, ఇంట్లోవాళ్ళకి చెప్పండి" అంటూ మూలుగుతున్నాడు. అప్పుడే గీత అవతల ఆయన సంచిలో ఫోను మోగింది. మూలుగు ఆగింది. మనిషి లేచాడు. లేవడమేమిటి, పరుగెత్తాడు. ఆ వేగం బంతి వెంట ఎన్నడూ చూడలేదు రెఫరీ.

"ఆఁ, నేనే... ఏం కాలేదే, శుభ్రంగా ఉన్నా... ఆయాసమా? అబ్బే, సిగ్నల్ సరిగ్గా లేదు."

రెఫరీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఏమండీ, మీ పని అయిపోయిందన్నారు?"

"ఊరుకోండి సార్. కాలు నొప్పి అని మా ఆవిడకి తెలిస్తే ఇక వచ్చేవారం పంపిస్తుందా? 'ఈ వయసులో మీకు బంతులాటేమిటి' అని చెప్పులు దాచేస్తుంది."

ఆ రాత్రి రెఫరీకి అన్నం సయించలేదు, అంత ఉత్సాహంగా ఉంది. ఇన్నాళ్ళూ పడ్డవాణ్ణి శిక్షించాలని చూశాడు. శిక్షిస్తే ఎవడు భయపడతాడు? జాలి పడాలి. అదీ, పడాల్సినవాళ్ళు పడాలి.

ఫైనల్‌కి కొత్త రూలు వచ్చింది. ఎవరైనా నొప్పి అని కింద ఉండిపోతే ఆట ఆపి, వాళ్ళింటికి ఫోను చేసి, స్పీకరు పెట్టి, "మీవారు పడిపోయారు, వచ్చి తీసుకెళ్ళండి" అని చెప్పాలి. ఎవరి ఫోనులోంచి వాళ్ళు చేస్తే అందరూ "రాంగ్ నంబర్" అంటారని, అందరి ఇళ్ళ నంబర్లూ గ్రౌండు సెక్రటరీ ఫోనులో ఎక్కించారు.

"ఇది అన్యాయం సార్" అన్నాడు కరెంటాఫీసు గోల్‌కీపరు. "రెడ్ కార్డు ఇవ్వండి, పడతాం."

"అందరికీ ఒకటే రూలా?" అని అడిగాడు పండుటాకు.

"గీత లోపల ఎవరున్నా సరే" అన్నాడు రెఫరీ ధీమాగా. మనిషి నోరు జారేది ధీమాగా ఉన్నప్పుడే.

ఫైనల్ మొదలైంది. తగిలిన ప్రతివాడూ పడ్డాడు, పడ్డ ప్రతివాడూ సెక్రటరీ చేతిలో ఫోను చూసి రబ్బరు బంతిలా లేచాడు. ఒకడైతే నేలకి తగలకముందే, "ఏం కాలేదు, ఏం కాలేదు" అని అరిచాడు. కాసేపటికి రెఫరీకి ఇంకో వింత కనిపించింది. ఎవరికీ ఊపిరి అందడం లేదు. ఇన్నాళ్ళూ వీళ్ళు పడింది గెలుపు కోసమే కాదన్నమాట, కాస్త గాలి పీల్చుకోవడానికి కూడా! నిలబడి ఆడే ఆట ఎంత పొడుగ్గా ఉంటుందో రెండు జట్లకూ మొదటిసారి తెలిసొచ్చింది.

స్కోరు సమానంగా ఉంది. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా, బంతి వైపు చూస్తూ వెనక్కి నడుస్తున్న రెఫరీ కాలు డ్రైవింగ్ స్కూలు కారు చక్రం చేసిన గుంతలో పడింది. మడమ దగ్గర టక్కుమంది. కూలబడ్డాడు.

పండుటాకు మెల్లగా నడిచొచ్చి పక్కన గొంతుక్కూచున్నాడు. ఆ ముఖంలో ఇంత జాలి ఎప్పుడూ లేదు.

"సెక్రటరీ గారూ, సారు వాళ్ళింటి నంబరు ఉందా?"

"ఎందుకు లేదూ? దుకాణం బోర్డు మీద ఇంటిదీ రాసుందిగా!"

కుర్చీ, విజిలు, నడుం, బీరువా, అన్నీ రెఫరీ కళ్ళ ముందు వరసగా తిరిగాయి. "ఏం కాలేదు" అన్నాడు. లేచాడు. ఒంటికాలి మీద బరువు వేసుకుని, పళ్ళు బిగించి, చివరి విజిలు దాకా పరుగెత్తాడు. ఆ కాస్త సమయంలోనే కరెంటాఫీసు వాళ్ళు గోలు కొట్టారు. కొట్టినవాడు సంబరపడటానికి కూడా ఓపిక లేక మోకాళ్ళ మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. పడుకుందామంటే భయం. ఏదైతేనేం, ఫైనల్ పూర్తయింది. ఆదివారాలు దక్కాయి.

ఇంటి గుమ్మంలో ఒక్కక్షణం ఆగి, కుంటు దులుపుకుని లోపలికి అడుగు పెట్టాడు. ఆవిడ పడగ్గదిలో ఉంది. బీరువా ఖాళీ చేసి బట్టలన్నీ మంచం మీద గుట్ట పోసింది.

"ఎవరో హెడ్ క్లర్కు గారట, ఫోన్ చేశారు. 'అమ్మా, సారు ఇవాళ జింకపిల్లలా పరుగెత్తారు, ఒంట్లో ఎంత బాగుందో' అని మెచ్చుకున్నారు. రండి, ఆ పక్క పట్టుకోండి."

తప్పించుకునే దారి లేక ఆ పక్క పట్టుకున్నాడు. ఎత్తగానే మడమలో నిప్పు రవ్వ పడ్డట్టయింది. వంగి కాలి వైపు చూసుకున్నాడు.

ఆవిడ బీరువా వదిలేసింది. "కూచోండి. నిజంగానే తగిలింది."

"ఎలా తెలుసు?"

"మీరు కాలు చూసుకుంటున్నారు. నడుం నొప్పి అన్నప్పుడల్లా నన్ను చూసేవారు."

రెఫరీ మంచం మీద బట్టల గుట్టలో కూలబడ్డాడు. తను ఇన్ని ఆదివారాలు గమనించి కనిపెట్టిన సంగతి ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి అమల్లో ఉందో అడగాలనుకున్నాడు. ఆవిడ తడిగుడ్డ తెచ్చి మడమకి చుట్టింది.

"ఎన్నాళ్ళు పడుతుందంటారు తగ్గడానికి?"

"ఓ నెలైనా పడుతుందే" అన్నాడు ఆవిడ ముఖంలోకి చూస్తూ.

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది. "పాపం, నెలంటే నేనొక్కదాన్నీ చూసుకోలేను. అత్తయ్యగారికి చెప్పనా? వచ్చి ఉండి, మిమ్మల్ని గుమ్మం దాటనివ్వరు."

ఆయన చూపు మెల్లగా కాలి మీదకి దించాడు.

"వచ్చే ఆదివారం పొద్దున బీరువా జరిపేద్దాంలే" అన్నాడు.